కడుపులో ఉండగా కోవిడ్... ఇప్పుడు బాబును స్టడీలో చేర్చాలా?

వరంగల్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, గుర్తుపట్టే వివరాలు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

2021 ఏప్రిల్ చివర్లో, ఏడో నెల కడుపుతో ఉండగా ఆమె అత్తగారి పుట్టింటివాళ్ల పెళ్లికి వెళ్లారు. వారం తిరగకుండానే ఇంట్లో అందరికీ జ్వరాలు. మిగతావాళ్లు ఇంట్లోనే కోలుకున్నారు. ఆమెకు మాత్రం ఆక్సిజన్ స్థాయి పడిపోయి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. జూన్‌లో, 35 వారాలకే కాన్పు అయింది. బాబు బరువు 2.1 కిలోలు. పది రోజులు ఎన్ఐసీయూలో, అంటే పుట్టిన పసిపిల్లల ఐసీయూలో ఉంచి ఇంటికి పంపారు.

ఆ బాబుకు ఇప్పుడు నాలుగున్నరేళ్లు దాటాయి, ఎల్‌కేజీ చదువుతున్నాడు. నడక వేళకే వచ్చింది. మాటలు మాత్రం రెండున్నరేళ్లు దాటాక గానీ మొదలవలేదు. ఇప్పుడు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడుతున్నాడు. టీచర్ ఈ మధ్య పిలిచి, "ఒక చోట కూర్చోడు, పిలిస్తే ఒక్కోసారి పలకడు, తోటి పిల్లలతో కలవడు, ఎవరికైనా చూపించండి" అన్నారట. అంతకు కొన్నాళ్ల ముందే అమెరికాలో ఉన్న మరిది ఫ్యామిలీ గ్రూపులో ఒక వార్త పెట్టారు. కడుపుతో ఉండగా కోవిడ్ వచ్చిన తల్లుల పిల్లల్లో ఎదుగుదల సమస్యలు ఎక్కువగా కనిపిస్తున్నాయని దాని సారం. అది చదివి తోడికోడలు "ఆ రోజు నువ్వు పెళ్లికి రాకుండా ఉండాల్సింది" అన్న మాట ఈమె మనసులో ముల్లులా దిగింది.

ఇంతలో కాన్పు జరిగిన ఆసుపత్రి నుంచి ఫోన్. గర్భంలో కోవిడ్ ప్రభావం పిల్లల మీద, తల్లుల మీద ఎన్నేళ్లు ఉంటుందో తెలుసుకునే స్టడీ చేస్తున్నామని, మూడేళ్ల పాటు ఏడాదికోసారి వస్తే బాబు ఎదుగుదల పరీక్షిస్తామని, ఇద్దరి రక్తం తీసుకుంటామని, దారి ఖర్చులు ఇస్తామని చెప్పారు. అత్తగారు "పోయిన పీడను మల్ల ఇంట్లకు పిలుసుడెందుకు బిడ్డా" అంటున్నారు. భర్తకేమో, ఏదైనా తేలితే పిల్లవాడి మీద ముద్ర పడుతుందని భయం. "నాకు తెలుసుకోవాలని ఉంది. నిజంగా నా వల్లే అని తేలితే తట్టుకోగలనా అనీ ఉంది" అని రాశారామె. చివర్లో ఒక మాట చేర్చారు: "నాకూ అప్పటినుంచి సత్తువ లేదు. ఒక రోజు పని ఎక్కువైతే మర్నాడు మంచం దిగలేను. మా ఆయన బద్ధకం అంటారు."

అమ్మా,

మీరు అడిగింది ఒక్కటే, స్టడీలో చేరాలా వద్దా అని. కానీ ఆ ప్రశ్న వెనక మరో మూడు ఉన్నాయి. బాబుకు ఇప్పుడు ఏం చేయాలి, ఇదంతా మీ వల్లేనా, మీ ఒంటికి ఏమైంది. ఇవన్నీ కలిసిపోవడం వల్లే మీకు అడుగు ముందుకు పడటం లేదు. స్టడీ సంగతి చివరికి ఉంచుదాం. ఎందుకంటే వీటిలో తొందర లేనిది అదొక్కటే.

తొందరగా జరగాల్సింది బాబును చూపించడం. స్టడీవాళ్లు ఎలాగూ పరీక్షిస్తారు కదా అని ఆగకండి. పరిశోధన వేరు, వైద్యం వేరు. స్టడీలో చేసే పరీక్ష వాళ్ల ప్రశ్నకు జవాబు కోసం. మీ బాబుకు కావాల్సింది బాబు కోసం చేసే పరీక్ష.

అందులో మొట్టమొదటిది వినికిడి. మాటలు ఆలస్యమై, పిలిస్తే ఒక్కోసారి పలకని పిల్లవాడి విషయంలో ఇంకే మాటా అనుకోకముందు చెవులు చూడాలి. ఎన్ఐసీయూలో ఉండి వచ్చిన పిల్లలకు బెరా టెస్ట్ అనే వినికిడి పరీక్ష చేయించడం మామూలు. 2021 జూన్ నాటి హడావుడిలో అది జరిగిందో లేదో డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. చేసినట్టు ఉన్నా ఇప్పుడు మరోసారి చేయించండి. చెవిలో నీరు చేరడం వల్ల కొంచెంగా, వస్తూ పోతూ ఉండే వినికిడి లోపం ఈ వయసులో చాలా మామూలు. పిల్లవాడు వినీ విననట్టు ఉంటాడు, మనం మొండితనం అనుకుంటాం.

ఆ తర్వాత ఎదుగుదల పరీక్ష. పిల్లల డాక్టర్లలో దీనికోసం ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. ఈ పరీక్ష అంటే మీరు ఏదేదో ఊహించుకుంటున్నట్టు ఉంది కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. చిన్న బల్ల, చిన్న కుర్చీ. చెక్క దిమ్మెలు ముందు పెట్టి, ఇలా వంతెనలా పేర్చు నాన్నా అంటారు. కాగితం మీద ప్లస్ గుర్తు గీసి, నువ్వూ గియ్యి అంటారు. అది వస్తే నలుచదరం గీయిస్తారు. ఒంటికాలి మీద గెంతమంటారు. ఒక బొమ్మ చూపించి ఇందులో ఏం జరుగుతోందో చెప్పమంటారు. చెప్పిన వాక్యంలో ఎన్ని మాటలున్నాయి, కొత్తవాళ్లకు అర్థమయ్యేలా ఉన్నాయా అని వింటారు. ఇవి నాలుగు, నాలుగున్నరేళ్ల పిల్లలు మామూలుగా చేసే పనులు. ఈ ఆట నడుస్తుండగా డాక్టర్ ఇంకోటి కూడా ఓ కంట గమనిస్తూ ఉంటారు. ఏదైనా నచ్చినప్పుడు బాబు దాన్ని మీకు చూపించడానికి మీ వైపు తిరుగుతున్నాడా? తన పాటికి తను చూసుకుని ఊరుకుంటున్నాడా? గంటలో అయిపోతుంది. మీ బాబుకు అదొక ఆటలాగే ఉంటుంది, చెమటలు పట్టేది మీకే.

ప్రైవేటులో ఈ పరీక్షలు, ఆ తర్వాత స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఖర్చుతో కూడిన పనే. ప్రభుత్వం వైపు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. దాని కింద జిల్లా స్థాయిలో పెట్టిన సత్వర చికిత్స కేంద్రాలను జనం డైక్ సెంటర్లు అంటారు. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని చూస్తారు. బాబు ప్రైవేటు బడిలో ఉన్నా మీరు నేరుగా తీసుకెళ్లవచ్చు. మరీ లోతుగా చూపించాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ సంస్థ అది. పేరు చూసి కంగారు పడకండి, మాటల ఆలస్యంతో వచ్చే పిల్లల్నీ చూస్తారు. వరంగల్ నుంచి పొద్దున బయలుదేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు.

ఇప్పుడు మీ మరిది పంపిన వార్త. మీరు వివరాలు రాయలేదు గానీ సమయం చూస్తే అది 2025 అక్టోబరు చివర్లో వచ్చిన అధ్యయనమే అనిపిస్తోంది. అమెరికాలోని మాసచుసెట్స్‌లో మాస్ జనరల్ బ్రిగమ్ ఆసుపత్రుల పరిశోధకులు చేశారు. 2020 మార్చి నుంచి 2021 మే మధ్య జరిగిన 18,124 కాన్పుల రికార్డులు తీసుకున్నారు. వాటిలో 861 మంది తల్లులకు గర్భంతో ఉండగా కోవిడ్ సోకింది. ఆ పిల్లలకు మూడేళ్లు నిండేలోపు ఎదుగుదలకు సంబంధించి ఏదైనా సమస్య ఉన్నట్టు డాక్టర్లు రాశారా అని చూశారు. కోవిడ్ సోకిన తల్లుల పిల్లల్లో 16.3 శాతం మందికి, సోకనివాళ్ల పిల్లల్లో 9.7 శాతం మందికి రాశారు. తల్లి వయసు వంటి ఇతర తేడాలను కూడా లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా తగ్గి, సుమారు 1.3 రెట్ల దగ్గర ఆగింది. మగపిల్లల్లో, చివరి మూడు నెలల్లో సోకినప్పుడు ఈ తేడా ఎక్కువగా కనిపించింది.

మీ బాబు ఆ రెండింటిలోనూ ఉన్నాడు. అది మీరూ చదివే ఉంటారు కాబట్టి దాచి లాభం లేదు. అయితే అదే వార్తను అటువైపు నుంచి కూడా చదవండి. కోవిడ్ వచ్చిన తల్లుల పిల్లల్లో నూటికి 84 మందికి మూడేళ్ల దాకా ఏ సమస్యా రాయలేదు. రాసిన 16 మందిలోనూ కొంచెం మాటల ఆలస్యం నుంచి ఆటిజం దాకా అన్నీ కలిపి లెక్కపెట్టారు. కోవిడ్ రాని తల్లుల పిల్లల్లో కూడా దాదాపు పదిమందిలో ఒకరికి ఇలాంటిదేదో ఉంది. ఆ తల్లులు ఏ పెళ్లికి వెళ్లారని అడగాలి?

ఇంకో రెండు అధ్యయనాలు ఉన్నాయి, అవి ఎవరి ఫ్యామిలీ గ్రూపులోనూ తిరగలేదు. 2024లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు రెండు వేల మందికి పైగా తల్లుల్ని గర్భం నుంచి వెంబడించి, పిల్లలకు రెండేళ్లు వచ్చేదాకా చూశారు. కోవిడ్ సోకినవాళ్ల పిల్లలకు, సోకనివాళ్ల పిల్లలకు ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకుముందు 2022లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ఆరు నెలల పిల్లల్ని చూస్తే మరో సంగతి బయటపడింది. తల్లికి కోవిడ్ వచ్చిందా రాలేదా అన్నదాన్నిబట్టి తేడా లేదు. కానీ కోవిడ్ కాలంలో పుట్టిన పిల్లలంతా, తల్లికి వచ్చినా రాకపోయినా, అంతకుముందు పుట్టినవాళ్ల కంటే కదలికల్లో, మనుషులతో కలవడంలో కొంచెం వెనకబడి ఉన్నారు. తల్లి పడ్డ టెన్షన్, నాలుగు గోడల మధ్య పెరగడం, కొత్త ముఖం కనపడకపోవడం, వీటి ప్రభావం కూడా ఉంటుందని అక్కడే అనుమానం మొదలైంది.

ఇన్ని అధ్యయనాలు ఒకే జవాబు ఎందుకు చెప్పడం లేదంటే, అవి చూసింది ఒకేదాన్ని కాదు. ఒకరు డాక్టర్ రాసిన రోగనిర్ధారణ లెక్కపెట్టారు, ఒకరు తల్లిదండ్రులు నింపిన ప్రశ్నపత్రం చూశారు. ఒకరు మూడేళ్ల దాకా వెళ్లారు, ఒకరు ఆరు నెలల దగ్గర ఆగారు. కొన్ని లోపాలు బడికి వెళ్లాక గానీ కనపడవు. అందుకే ఏళ్ల తరబడి చూడాలంటున్నారు, మీకు ఫోన్ వచ్చింది కూడా అందుకే.

ఇక మీ అసలు భయం. "నా వల్లే అని తేలితే" అని రాశారు. అమ్మా, అలా తేలదు. ఏ స్టడీ అయినా వందల పిల్లల గుంపుకు, ఇంకో వందల గుంపుకు తేడా ఎంత అని చెబుతుంది. ఈ ఏడు వాన ఆలస్యమైతే మండలంలో దిగుబడి ఎంత తగ్గిందో చెప్పగలం గానీ, ఫలానా మడిలో ఫలానా మొక్క ఎందుకు ఆలస్యంగా పూసిందో చెప్పలేం కదా, ఇదీ అంతే. మీ బాబు విషయంలో ఎన్ని కలిశాయో చూడండి. మీకు వచ్చిన ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ పడిపోవడం, అయిదు వారాలు ముందు కాన్పు, తక్కువ బరువు, ఎన్ఐసీయూ, ఆ తర్వాత ఏడాదిన్నర ఇంట్లోంచి కదలని బాల్యం. నెలలు నిండకుండా పుట్టడం ఒక్కటే చాలు, మాటలు కొంచెం ఆలస్యం కావడానికి. వీటిలో ఏది ఎంత అని విడదీసి చెప్పే రక్తపరీక్ష లేదు, స్కానూ లేదు. వైరస్ నేరుగా కడుపులో బిడ్డకు సోకడం చాలా అరుదు, రెండు శాతం లోపే. తల్లి ఒంట్లో వైరస్‌తో జరిగే పోరాటం, దాని వేడి బిడ్డ మెదడు ఎదుగుదల మీద ఎంత పడుతుందన్నదే ఇప్పుడు పరిశోధకులు తవ్వుతున్న విషయం.

పెళ్లి సంగతికొస్తే, ఒక తేదీ గుర్తు పెట్టుకోండి. మన దేశంలో గర్భిణులకు కోవిడ్ టీకా వేయించుకునే వీలు కల్పించింది 2021 జులై 2న. మీకు కోవిడ్ వచ్చింది అంతకు రెండు నెలల ముందు. అంటే మీరు కావాలనుకున్నా మీకు టీకా వేసేవాళ్లు కాదు. ఆ రెండో వేవ్ గర్భిణులకు ఎంత ప్రమాదకరంగా ఉండిందో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అప్పట్లోనే లెక్కలు చెప్పింది. కోవిడ్ సోకిన గర్భిణులు, బాలింతల్లో మొదటి వేవ్‌లో 0.7 శాతం మంది చనిపోతే రెండో వేవ్‌లో 5.7 శాతం మంది చనిపోయారు. మీరు ఆక్సిజన్ మీద ఉండి, బిడ్డను మోసి, బతికించుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఆ జూన్, జులైలో దేశమంతటా చేసిన రక్తపరీక్షల సర్వేలో ఆరేళ్లు దాటినవాళ్లలో మూడింట రెండొంతుల మందికి యాంటీబాడీలు, అంటే వైరస్ సోకడం వల్లో టీకా వల్లో రక్తంలో తయారయ్యే రక్షణ గుర్తులు కనిపించాయి. పెళ్లికి వెళ్లకపోతే రాకపోయేదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పాలవాడి నుంచి రావచ్చు, చెకప్‌కు వెళ్లిన చోట రావచ్చు, మీ ఆయన నుంచే రావచ్చు.

ఇక్కడే ఇంకో మాట. ఆ పెళ్లి అత్తగారి పుట్టింటివాళ్లదని మీరే రాశారు. బహుశా మిమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లింది కూడా ఆవిడే అయి ఉంటారు. ఆవిడ స్టడీ వద్దనడాన్ని మీరు మొండితనంగా చూస్తున్నారు. నాకు మాత్రం ఆవిడలో మీకున్న భయమే కనిపిస్తోంది. ఏదైనా తేలితే వేలు తన వైపు తిరుగుతుందని. ఇద్దరూ ఒకే బరువు మోస్తూ ఒకరికొకరు చెప్పుకోవడం లేదు. తీరిగ్గా కూర్చున్నప్పుడు "అత్తమ్మా, ఆ పెళ్లి వల్ల ఇలా అయిందని నేను అనుకోవడం లేదు, డాక్టర్లు కూడా అలా చెప్పలేరట" అని మీరే ముందు అనండి. మీరు పూర్తిగా నమ్మాకే అనండి. ఆ తర్వాత ఆవిడ అభ్యంతరం సగానికి సగం తగ్గినా నేను ఆశ్చర్యపోను. తోడికోడలి మాటకు జవాబు మీరు చెప్పనక్కర్లేదు, టీకా తేదీ మీ ఆయనకు చెప్పండి, అది ఆయన చెప్పాల్సిన జవాబు.

మీ ఒంటి సంగతి మీరు ఉత్తరం చివర రెండు లైన్లలో సరిపెట్టారు. నేను అలా సరిపెట్టలేను. పని ఎక్కువైన మర్నాడు మంచం దిగలేకపోవడం బద్ధకం కాదు. బద్ధకస్తులు ముందురోజు ఆ పని చేయరు. శ్రమ పడ్డ మర్నాడు ఇలా కుప్పకూలడం దీర్ఘకాల కోవిడ్‌లో, అంటే కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి వదలని ఇబ్బందుల్లో బాగా తెలిసిన లక్షణం. అమెరికా ప్రభుత్వం రికవర్ అనే పేరుతో పెద్ద పరిశోధన నడుపుతోంది. 2024లో వాళ్లు గర్భంతో ఉండగా కోవిడ్ వచ్చిన దాదాపు 1,500 మందిని చూస్తే, ఆరు నెలలు దాటాక కూడా పదిమందిలో దాదాపు ఒకరికి దీర్ఘకాల కోవిడ్ లక్షణాలు ఉన్నాయి. ఎక్కువగా కనిపించినవాటిలో మీరు రాసిన లక్షణమే ఒకటి. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ.

అలాగని మీది అదేనని ఉత్తరం చూసి నేను తేల్చను. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. థైరాయిడ్, బి12, షుగర్, మనసు కుంగుబాటు, ఇవి కూడా మనిషిని ఇలాగే పడేస్తాయి. వీటన్నిటికీ మంచి వైద్యం ఉంది. కాబట్టి ముందు ఫిజీషియన్‌ దగ్గరికి వెళ్లి ఇవి చూపించుకోండి. నిద్ర పట్టడం లేదా, ఏడుపు వస్తోందా, ఏదీ సంతోషం అనిపించడం లేదా అని అడిగితే దాచకుండా చెప్పండి. ఇవేవీ కాదని తేలాక దీర్ఘకాల కోవిడ్ వైపు ఆలోచిస్తారు. అప్పటిదాకా, ఒంట్లో బాగున్న రోజున వారం పనంతా చేసేయడం మానండి. వ్యాయామం చేస్తే సత్తువ అదే వస్తుందని ఎవరైనా అన్నా, మర్నాడు పడిపోయేంత చేయకండి. డాక్టర్ దగ్గరికి మీ ఆయన్ని వెంట తీసుకెళ్లండి. ఆ బద్ధకం అనే మాట ఆయన డాక్టర్ ముందు అననివ్వండి, జవాబు ఆయనకే దొరుకుతుంది.

ఇప్పుడు స్టడీకి వద్దాం.

ముందుగా, అలాంటివి ఎందుకు కావాలో. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టర్, పుట్టుకతోనే కంటిశుక్లాలున్న పసిపిల్లలు వరసగా వస్తుంటే వాళ్ల తల్లుల్ని అడిగి, వాళ్లలో చాలామందికి గర్భం తొలినెలల్లో రుబెల్లా అనే, ఒంటిమీద దద్దుర్లతో వచ్చే వైరస్ జ్వరం వచ్చిందని గుర్తించారు. అంతవరకు దాన్ని పట్టించుకోదగ్గ జబ్బుగానే చూసేవాళ్లు కాదు. ఇవాళ మన పిల్లలకు మీజిల్స్‌తో కలిపి రుబెల్లా టీకా వేస్తున్నామంటే దాని మొదలు ఆ తల్లులు చెప్పిన మాటే. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987 నుంచి 1990 దాకా ఒక ప్రయోగం జరిగింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా ఊళ్లకు అప్పటికి ఆ పథకం రాలేదు. 2003 నుంచి 2005 మధ్య జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లారు. అప్పటికి పిల్లలకు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు కొంచెం పొడుగ్గా ఉండటమే కాదు, షుగర్, గుండె జబ్బుల వైపు దారితీసే సూచనలు వాళ్లలో తక్కువగా ఉన్నాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో తిన్న తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనిపించిందన్నమాట. ఆ ఊళ్ల తల్లులు తమ పిల్లల్ని పంపకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. కోవిడ్ విషయంలో పెద్ద లెక్కలన్నీ అమెరికా, యూరప్ నుంచి వస్తున్నాయి. మన తిండి, మన రక్తహీనత, మన ఉమ్మడి ఇళ్లు ఉన్నచోట ఏమవుతుందో మన పిల్లల్ని చూస్తేనే తెలుస్తుంది. అందుకే వీలైనవాళ్లు చేరాలనే నా కోరిక. కానీ అది నా కోరిక, మీ బాధ్యత కాదు.

చేరితే మీకు వచ్చేది ఏమిటి? ఏడాదికోసారి శిక్షణ ఉన్నవాళ్లు బాబును శ్రద్ధగా చూస్తారు. ఏదైనా తేడా ఉంటే తొందరగా బయటపడే అవకాశం ఉంది. బదులుగా రోజంతా పోతుంది, రక్తం తీసేటప్పుడు బాబు ఏడుస్తాడు. ప్రతి ఏడూ ఆ రోజు దగ్గరపడుతుంటే మీకు పాత భయం మళ్లీ లేస్తుంది. ఈ చివరిదాన్ని తక్కువగా అంచనా వేయకండి. కొందరు తల్లులకు వెళ్లొచ్చాక మనసు తేలికవుతుంది, కొందరికి నెల రోజులు నిద్ర పట్టదు. మీరు ఎలాంటివారో మీకే తెలుసు.

చేరకపోతే వైద్యం విషయంలో మీకు నష్టమేమీ లేదు. కాదన్నారని అదే ఆసుపత్రిలో మిమ్మల్ని చూడకపోవడం, తక్కువ చూడటం చేయకూడదు. అది నియమం. మధ్యేమార్గం కూడా అడగవచ్చు. ఎదుగుదల పరీక్షలకు వస్తాం, రక్తం ఇవ్వం అనండి. లేదా రక్తం ఇస్తాం గానీ దాచిపెట్టి తర్వాత వేరే పరిశోధనలకు వాడటానికి ఒప్పుకోం అనండి. కొన్ని స్టడీల్లో ఇలాంటివాటికి వేర్వేరు గడులు ఉంటాయి, కొన్నిట్లో కుదరదంటారు. అడిగితే పోయేదేం లేదు. మొదటి ఏడు వెళ్లి, తర్వాత మానేయవచ్చు కూడా. కారణం చెప్పనక్కర్లేదు.

ఏ నిర్ణయమైనా ఫోన్ మీద చెప్పకండి. కాగితం ఇవ్వమనండి, తెలుగులో. ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం మీకు అర్థమయ్యే భాషలో వివరాలు ఇవ్వాలి, సంతకం చేసిన పత్రం కాపీ మీ దగ్గర ఉండాలి. పరిశోధనలో చేరినవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడే ఆగండి. ఉంటే ఇంటికి తెచ్చుకుని మీ ఆయనతో కలిసి చదవండి. బాబు పరీక్షల్లో ఏదైనా తేడా కనిపిస్తే మాకు చెబుతారా, ఎవరు చెబుతారు, ఆ తర్వాత వైద్యం ఎవరిది, ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. కొన్ని స్టడీల్లో రక్తపరీక్షల ఫలితాలు ఇంటివాళ్లకు అసలు ఇవ్వరు. ముందే తెలిస్తే తర్వాత బాధ ఉండదు. పేరు తీసేసి కోడ్ నంబరు పెడతారా, రక్తం ఎన్నాళ్లు దాస్తారు, బయటి దేశాలకు పంపుతారా అని కూడా అడగండి. ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్లయితే నమ్మవచ్చు. విసుక్కుంటే, సంతకం పెట్టేయండమ్మా ఏం కాదు అంటే, అదీ ఒక జవాబే.

బాబుకు ఏడేళ్లు వచ్చాక వాడినీ అడగాలి. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు వాళ్ల భాషలో చెప్పి, నోటిమాటగా అయినా సమ్మతి తీసుకోవాలని నియమం. అప్పటికి వాడు సూది వద్దంటే వద్దనే.

మీ ఆయన భయపడే ముద్ర గురించి. స్టడీ వివరాలు బడికి వెళ్లవు, చుట్టాలకు వెళ్లవు. మీ ఇంట్లోంచి వెళితే తప్ప. నిజానికి ముద్ర ఇప్పటికే పడుతోంది. టీచర్ ఒక మాట అన్నారు, తోడికోడలు ఒకటి అంది. ఏమీ తెలియనప్పుడు పడే ముద్ర "వీడింతే" అని. తెలిశాక పడేది "వీడికి వారానికి రెండు రోజులు స్పీచ్ థెరపీ నడుస్తోంది" అని. ఆరేళ్లలోపు మొదలుపెట్టిన థెరపీకి, పదేళ్లకు మొదలుపెట్టినదానికి ఉన్న తేడా ఆయన ఏ స్పీచ్ థెరపిస్టును అడిగినా చెబుతారు. ఆయన్ను స్టడీకి ఒప్పించాలని చూడకండి ఇప్పుడే. బాబు పరీక్షకు ఒప్పించండి, అది చాలు. రెండూ ఒకేసారి పెడితే రెండిటికీ కాదంటారు.

ఇంట్లో ఇవాళే మొదలుపెట్టగలిగినది కూడా ఒకటుంది. బాబు ఎంతసేపు ఫోన్ చూస్తాడో మీరు రాయలేదు, రాయలేదు కాబట్టే అడుగుతున్నాను. ఈ వయసుకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అత్తగారి సాయం ఇక్కడ తీసుకోండి. అన్నం తినేటప్పుడు ఫోన్ బదులు ఆవిడ కథ చెప్పాలి, బాబు మధ్యలో ఏదో ఒకటి అడగాలి. ఎదురుగా మనిషి ఉండి, జవాబు కోసం ఆగితేనే పిల్లలకు మాట వస్తుంది. ఆవిడకు కూడా చేయడానికి ఒక పని దొరుకుతుంది.

రెండో బిడ్డ సంగతి మీరు అడగలేదు గానీ, ఎప్పుడైనా అనుకుంటే ఒక్కసారి నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్లకు మళ్లీ అలా అయ్యే అవకాశం కొంచెం ఎక్కువ. కాబట్టి మొదటి నెలల్లోనే డాక్టర్‌కు పాత సంగతంతా చెప్పండి, టీకాల గురించి అప్పుడే అడగండి.

బాబును చూపించడానికి వెళ్లేటప్పుడు 2021 నాటి డిశ్చార్జి సమ్మరీలు, మీదీ బాబుదీ రెండూ, టీకాల కార్డు, టీచర్ గమనించినవి ఆమె చేత్తోనే రాయించుకున్న కాగితం తీసుకెళ్లండి. ఇంట్లో బాబు ఆడుకుంటుండగా, మీతో మాట్లాడుతుండగా తీసిన రెండు మూడు నిమిషాల వీడియోలు ఫోన్‌లో ఉంచుకోండి. కొత్త చోట పిల్లలు నోరు విప్పరు, డాక్టర్‌కు అవే బాగా పనికొస్తాయి. సమ్మరీలు దొరక్కపోతే ఆసుపత్రి రికార్డుల విభాగంలో అర్జీ పెట్టి కాపీ అడగండి. స్టడీలో చేరినా, చేరకపోయినా ఆ కాగితాలు మీకు కావాలి.